నౌకలో నిద్రపట్టే గది ఏది?

హైదరాబాదు నుండి కరీంనగర్ మీదుగా రామగుండం పోయే రాజీవ్ రహదారి మీద, సిద్దిపేటకు ఇవతల, కుకునూరుపల్లి ఉన్నది. అక్కడ బస్సు ఎక్కేవారిని ఒకసారి గమనించండి. సగం సీట్లు ఖాళీగా ఉన్నా అలవాటుపడినవారు వెనుక చక్రాల మీది సీటు దగ్గర ఆగరు. ఇంజను పక్కన కూడా కూర్చోరు. నడిమి సీట్లు వెతుక్కొంటారు. "అక్కడ కూర్చోకు బిడ్డా, ఎగిరెగిరి పడతవు" అని పెద్దవాళ్లు పిల్లలను వారిస్తారు. ఇది ఎవరూ పుస్తకంలో చదివి నేర్చుకొన్నది కాదు. ఇంకొక సంగతి కూడా పిల్లలందరికీ తెలుసు. బస్సు ఆగి ఇంజను మెల్లగా తిరుగుతున్నంతసేపు కిటికీ అద్దం గడగడ కొట్టుకొంటుంది. బస్సు వేగం అందుకోగానే అదే అద్దం ఊరుకొంటుంది. ఎందుకు ఊరుకొంటుందో కొంతసేపటికి చూద్దాము.

ఈ ఊరి నుండి సముద్రం వందల కిలోమీటర్ల దూరం. అయినా సముద్ర విహారం ఇప్పుడు మనవారికి అందని విషయం కాదు. 2022 జూన్ నెలలో 'ఎంప్రెస్' అనే విహార నౌక విశాఖపట్నంలో ప్రయాణికులను ఎక్కించుకొని యాత్రలు చేసింది. 2023 సెప్టెంబరులో అక్కడి ఓడరేవులో ఇట్టి నౌకల కోసమే కట్టిన టెర్మినల్ ప్రారంభమైనది. కనుక కుకునూరుపల్లిలో పదవీ విరమణ చేసిన ఒక ఉపాధ్యాయుడు, ఆయన భార్య, కూడబెట్టుకొన్న డబ్బుతో నాలుగు రోజులు సముద్రం మీద గడపాలని అనుకొన్నారనుకొందాము. వారు ట్రావెల్ ఏజెంటు దగ్గరకు పోతారు. "సార్, సముద్రం కనిపించే రూమా, లోపలి రూమా?" అని అతడు అడుగుతాడు. ఎంతమంది, ఎన్ని రోజులు, భోజనం శాకాహారమా అని అడుగుతాడు. "మా సారుకు గడియారం చప్పుడైనా నిద్ర పట్టదు బాబూ" అని ఆమె అన్నదనుకోండి. అప్పుడు ఆ ఏజెంటు ఏమి చేయవలెను?

నౌకలో చప్పుడు వానవలె ఎప్పుడు, ఎక్కడ వస్తుందో చెప్పలేనిదైతే, అతనిని ఏమీ అనడానికి లేదు. టికెట్టు అమ్మినవాడు వానకు జవాబుదారీ కాడు. కాని అది ముందుగా తెలుసుకోదగినదైతే మాట వేరు. కనుక మొదట భౌతికశాస్త్రం అడగవలసిన ప్రశ్న ఒకటున్నది: నౌకలో చప్పుడు ఎక్కడ పుడుతుంది, ఏ దారిన మన మంచం దాకా వస్తుంది?

దీనికి తరగతి గదిలోనే చేయదగిన ప్రయోగం ఉన్నది. శ్రుతిదండాన్ని రబ్బరు దిమ్మ మీద కొట్టి గాలిలో పట్టుకోండి. చెవికి దగ్గరగా తెస్తేనే సన్నగా వినిపిస్తుంది. మళ్లీ కొట్టి, దాని కాడను బల్ల మీద ఆనించండి. వెనుక బెంచీ విద్యార్థికి కూడా వినిపిస్తుంది. శ్రుతిదండంలోని శక్తి పెరగలేదు. కాని ఇప్పుడు బల్ల అంతా కంపించి, తన విశాలమైన తలంతో గాలిని కదిలిస్తున్నది. ఇక మూడవసారి, కాడకు బల్లకు మధ్య నాలుగు మడతలు వేసిన గుడ్డ పెట్టండి. ధ్వని చాలావరకు తగ్గిపోతుంది. ఈ మూడు నిమిషాల ప్రయోగంలో నౌకానిర్మాతల తలనొప్పి, దానికి వారు కనిపెట్టిన మందు రెండూ ఉన్నవి.

మన ఇళ్లలో ఇటుకకు ఇటుకకు మధ్య సున్నమో సిమెంటో ఉంటుంది. గోడ బరువుగా ఉంటుంది. తొమ్మిదంగుళాల ఇటుక గోడ అవతలి మాటలను ఏభై డెసిబెల్స్ దాకా తగ్గించగలదు. నౌక అట్లా కాదు. అడుగు నుండి పైకప్పు దాకా ఉక్కు పలకలను అతికి కట్టిన ఒకే ఒక పెద్ద వస్తువు అది. ధ్వని గాలిలో సెకనుకు సుమారు 343 మీటర్లు పోతే, ఉక్కులో 5,000 మీటర్లకు పైగా పోతుంది. వేగం కంటె ముఖ్యమైన సంగతి ఏమంటే, ఉక్కు కంపన శక్తిని తనలో చాలా కొద్దిగా మాత్రమే ఖర్చు చేసుకొంటుంది. అందుచేతనే గంటలను లోహంతో పోస్తారు గాని మట్టితో చేయరు. ఒకచోట కలిగిన కంపనం పలకల వెంట పోయి, దూరాన ఎక్కడో ఒక గది గోడను పైన చెప్పిన బల్లవలె మోగిస్తుంది. గాలి గుండా వచ్చే చప్పుడుకు తలుపు వేసుకోవచ్చును. నేల గుండా, మంచం కోళ్ల గుండా వచ్చే చప్పుడుకు తలుపు ఏది? పూర్వం పక్కింట్లో వడ్లు దంచుతుంటే మన ఇంటి నేల మీద పడుకొన్నవారికి రోకటిపోటు చెవికంటె ముందు వీపుకు తెలిసేది. ఇదీ అటువంటిదే.

ఇక చప్పుడు పుట్టే చోట్లు. మొదటిది ఇంజను గది. అది నౌక అడుగుభాగంలో ఉంటుంది. పెద్ద నౌకలలోని డీజిలు ఇంజను ఒకటి నిమిషానికి 500 చుట్లు తిరుగుతున్నదనుకొందాము. నాలుగు స్ట్రోకుల ఇంజనులో ప్రతి సిలిండరు రెండు చుట్లకు ఒకసారి మండుతుంది, అనగా నిమిషానికి 250 సార్లు. సిలిండర్లు 12 ఉంటే నిమిషానికి 3,000 పేలుళ్లు, సెకనుకు 50. కరెంటు ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర వినిపించే 'గుంయ్' మనే ధ్వని సెకనుకు 100 కంపనాలది. సంగీతజ్ఞులు చెప్పినట్లయితే ఈ ఇంజను నాదం దానికి సరిగా ఒక స్థాయి కింద ఉంటుంది. నాగార్జునసాగర్ నుండి శ్రీశైలం పోయే లాంచీలో ఇంజను దగ్గర కూర్చున్నవారికి దీని చిన్న రూపం తెలిసే ఉంటుంది.

రెండవది ప్రొపెల్లరు. అది నౌక వెనుక భాగాన నీటిలో ఉంటుంది. నాలుగు రెక్కల ప్రొపెల్లరు నిమిషానికి 150 చుట్లు తిరిగితే, నౌక అడుగు కింది నుండి సెకనుకు 10 సార్లు ఒక రెక్క దాటిపోతుంది. దాటినప్పుడల్లా నీరు అడుగు పలకను ఒకసారి నెడుతుంది. సెకనుకు 20 కంటె తక్కువ కంపనాలను మన చెవి వినలేదు. కాని శరీరం ఊరుకోదు. మంచం వణుకుతుంది, బల్ల మీది గ్లాసులో నీరు వణుకుతుంది. దీనికి తోడు మరొక వింత ఉన్నది. రెక్క వేగంగా నీటిని కోసేటప్పుడు దాని ఒక పక్క పీడనం ఎంతగా పడిపోతుందంటే, ఆ నీరు చల్లగా ఉండగానే ఆవిరి బుడగలుగా మారిపోతుంది. బుడగలు కొంచెం అవతల పీడనం పెరిగిన చోటికి చేరగానే పగిలి కుప్పకూలుతవి. ఒక్కొక్కటి చిన్న సుత్తిదెబ్బ. దీనిని కేవిటేషన్ అంటారు. 1894లో చార్లెస్ పార్సన్స్ కట్టిన 'టర్బీనియా' అనే నౌక మొదట అనుకొన్న వేగం అందుకోలేకపోవడానికి ఈ బుడగలే అడ్డుపడినవి. బుడగ కూలినప్పుడు కలిగే పీడనాన్ని 1917లో లార్డ్ రేలీ గణితం ద్వారా లెక్కగట్టినాడు. మన విశాఖపట్నంలో 1969లో స్థాపించిన నౌకా విజ్ఞాన సాంకేతిక ప్రయోగశాలలో ఈ బుడగలను అధ్యయనం చేయడానికి ప్రత్యేకమైన నీటి సొరంగం ఉన్నది. యుద్ధనౌకకు ఈ చప్పుడు శత్రువుకు దొరికిపోయే ప్రమాదం. విహార నౌకలో వెనుక గదివారికి నిద్రాభంగం. కారణం ఒకటే.

మూడవది ముందు భాగంలోనిది, చాలామంది ఊహించనిది. నౌకను రేవులో గోడకు చేర్చడానికి ముక్కు దగ్గర అడ్డంగా ఒక సొరంగం, అందులో ఒక ప్రొపెల్లరు ఉంటవి. అవి పనిచేసేది కొద్ది నిమిషాలే. కాని నౌకలు సాధారణంగా రేవు చేరేది తెల్లవారుజామున. ముందు భాగాన కింది అంతస్తులలో పడుకొన్నవారికి ఆ కొద్ది నిమిషాలు రోడ్డు వేసే యంత్రం మంచం కింద నడిచినట్లుంటుంది. లంగరు గొలుసు వదిలేది కూడా అక్కడే.

యంత్రాల సంగతి ఇంతటితో సరి. నిజానికి కొత్త నౌకలలో యంత్రాల కంటె మనుషుల చప్పుడే ఎక్కువ బాధపెడుతుంది. ఈత కొలను ఉన్న అంతస్తు కింది గదులలో తెల్లవారక ముందే కుర్చీలు ఈడ్చే కీచుమోత. వంటశాల కింద తోపుడుబండ్ల చక్రాలు. నాట్యశాలకు ఆనుకొని అర్ధరాత్రి దాటినా ఆగని డప్పుల అదురు. లిఫ్టుల ముందు వచ్చేపోయేవారి మాటలు. కుటుంబాల సౌకర్యం కోసం రెండు గదుల మధ్య తలుపు పెట్టిన జంట గదులు కొన్ని ఉంటవి. ఆ తలుపు గోడంత దళసరి కాదు. అంతర్జాతీయ నౌకాయాన సంస్థ సిబ్బంది గదుల కోసం పెట్టిన నియమంలోనే గదికి గదికి మధ్య గోడ 35 డెసిబెల్స్ ధ్వనిని అడ్డుకోవాలని ఉండగా, మధ్యలో తలుపు ఉంటే 30 చాలునని ఉన్నది. వినోదశాలకు గదికి మధ్య మాత్రం 45 కావాలన్నారు. ఏ చోటు ఎంత మోగుతుందో ఆ అంకెలే చెప్పడం లేదా?

ఇంజనీర్లు చేతులు ముడుచుకొని కూర్చోలేదు. శ్రుతిదండం కింద మనం పెట్టిన మడత గుడ్డ వంటిదే వారు ఇంజను కింద పెడతారు. రబ్బరు దిమ్మలు, స్ప్రింగులు. ఇక్కడ బస్సు అద్దం సంగతి గుర్తు తెచ్చుకోండి. ప్రతి వస్తువుకు తనదైన సహజ పౌనఃపున్యం ఉంటుంది. ఇంజను కంపనాలు దానికి సరిపోయినప్పుడు అద్దం అనునాదంతో గడగడలాడుతుంది. ఇంజను వేగం పెరిగి ఆ సంఖ్యను దాటిపోగానే ఊరుకొంటుంది. ఇంజను కంపనాల పౌనఃపున్యం దిమ్మల సహజ పౌనఃపున్యానికి 1.41 రెట్లు దాటిన తరువాతనే దిమ్మలు కంపనాన్ని తగ్గించడం మొదలుపెడతవి. అందుచేత దిమ్మలను కావలెననే మెత్తగా చేస్తారు. 1998లో 'ఎలేషన్' అనే విహార నౌకతో మరొక మార్పు వచ్చింది. ప్రొపెల్లరును తిప్పే విద్యుత్ మోటారును నౌక లోపల గాక, అడుగున నీటిలో వేలాడే తొట్టిలో పెట్టినారు. పొడవైన ఇరుసులు లేవు, అదురు తగ్గింది. పాత నౌకలకు కొత్త నౌకలకు ఉన్న ఇట్టి తేడా కూడా టికెట్టు కొనేవానికి పనికివచ్చేదే.

ఎంత చప్పుడైతే ఎక్కువ? డెసిబెల్ లెక్క మామూలు కూడిక వంటిది కాదని విద్యార్థులు మరువరాదు. 10 డెసిబెల్స్ పెరిగితే ధ్వనిశక్తి పదిరెట్లవుతుంది. చెవికి మాత్రం సుమారు రెట్టింపుగా తోస్తుంది. పడకగదిలో ఎడతెగని చప్పుడు 30 డెసిబెల్స్ మించకుండా ఉంటే మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1999లో సూచించింది. మన దేశంలో 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతాలలో రాత్రి పదింటి నుండి ఉదయం ఆరింటి వరకు ఆరుబయట 45 దాటరాదు. నౌకల విషయంలో అంతర్జాతీయ నౌకాయాన సంస్థ 2012లో ఆమోదించిన నియమావళి 2014 జూలై 1 నుండి అమలులోకి వచ్చింది. 10,000, ఆపై టన్నేజి గల కొత్త నౌకలలో సిబ్బంది పడకగదికి హద్దు 55 డెసిబెల్స్ (టన్నేజి అంటే ఇక్కడ బరువు కాదు, లోపలి చోటు కొలత).

సిబ్బంది పడకగదికి అన్నాను. ఈ నియమావళి ప్రయాణికుల గదులకు వర్తించదు. పనిచేసేవాని చెవిని, నిద్రను కాపాడడానికి చేసినది అది. అది న్యాయమే, వాడు నెలల తరబడి అక్కడే ఉంటాడు. కాని దాని ఫలితంగా డబ్బు పెట్టి నిద్రపోయేవాని గదికి ఈ నియమావళిలో హద్దు లేకుండా పోయింది. నౌకలను పరీక్షించి తరగతి నిర్ణయించే సంస్థలు 'సౌకర్య శ్రేణులు' అని ఇస్తవి గాని, ఆ శ్రేణి కోరుకోవడం, కోరుకోకపోవడం యజమాని ఇష్టం. ఇంకొక చిక్కు ఏమంటే, మామూలుగా వాడే డెసిబెల్ మీటరు మన చెవి తీరును అనుసరించి మందర ధ్వనులను తక్కువగా లెక్కిస్తుంది; సెకనుకు 50 కంపనాల దగ్గర 30 డెసిబెల్స్ దాకా తీసివేస్తుంది. మీటరు బాగున్నదని చెప్పినా మంచం అదరవచ్చును.

నిద్రలో కన్ను మూసుకొంటుంది గాని చెవికి రెప్ప లేదు. మెలకువ రాకపోయినా చప్పుడుకు గుండె వేగం పెరుగుతుంది. అరవై దాటినవారికి, గుండెజబ్బు, రక్తపుపోటు ఉన్నవారికి ఇది చిన్న విషయం కాదు. నాలుగు రాత్రుల విహారంలో మొదటి రెండు రాత్రులు నిద్రలేకపోతే మిగిలిన విహారం ఏపాటిదో ఊహించవచ్చును.

అయితే ఏజెంటు ప్రశాంతమైన గది ఏదో చూసి పైఅంతస్తులో ఇప్పిస్తే సరిపోతుందా? ఇక్కడొక మెలిక ఉన్నది. పిల్లలు రెండు కొసల కూర్చుని ఎక్కిదిగే పొడవైన బల్లను తలచుకోండి. కొసలు ఎక్కువగా లేచిపడుతవి, నడిమి చోటు కదలదు. నౌక కూడా అలల మీద అట్లాగే తలనూ తోకనూ ఎత్తిదించుతుంది. పక్కలకు ఊగినప్పుడు ఎత్తున ఉన్న అంతస్తులు ఎక్కువ దూరం ఊగుతవి. అంటే వాంతులు రాకుండా ఉండాలంటే నడిమిన, కిందుగా ఉండాలి. ఇంజను చప్పుడు లేకుండా ఉండాలంటే పైకి పోవాలి. రెండూ కావలసినవానికి దొరికేది నడిమి భాగాన మధ్య అంతస్తు, పైన గదులు, కింద గదులు, పక్కన గదులే ఉన్న గది. బస్సులో చక్రాలకు చక్రాలకు నడుమ సీటు వెతికిన మన కుకునూరుపల్లి ప్రయాణికుడు ఇట్టి గదినే ఎన్నుకొని ఉండేవాడు, అతనికి పటం చూపినవారుంటే.

ఆ పటం రహస్యమేమీ కాదు. ప్రతి విహార నౌకకు అంతస్తుల పటాలు అచ్చువేసి ఉంటవి. గదులు, వంటశాల, నాట్యశాల, లిఫ్టులు అన్నీ అందులో గుర్తిస్తారు. ఇంజను గదిని ప్రయాణికుల పటంలో చూపకపోయినా అది అడుగున ఉంటుందని, ప్రొపెల్లరు వెనుక ఉంటుందని తెలిసినదే. కనుక మొదట వేసుకొన్న ప్రశ్నకు నా సమాధానం: చప్పుడు అదృష్టం మీద ఆధారపడినది కాదు, చాలావరకు చదువుకోదగినది. చదువుకోదగినదానిని, డబ్బు తీసుకొని సలహా ఇచ్చేవాడు చదవవలెను.

ఏజెంటుల పక్షాన చెప్పదగిన మాటలు లేకపోలేదు. మొదటిది, నిశ్శబ్దం అతని చేతిలో లేదు. పక్క గదిలో ఏడ్చే పసిపిల్ల ఉంటే ఏ పటమూ చెప్పదు. నిజమే. అతడు నిశ్శబ్దాన్ని వాగ్దానం చేయనక్కరలేదు. తెలిసినది చెప్పితే చాలును. రెండవది కొంచెం గట్టి మాట: అందరికీ మంచి గదులు ఇప్పిస్తే నాట్యశాల పక్క గదులలో ఎవరుండాలి? అర్ధరాత్రి దాకా ఆ నాట్యశాలలోనే ఉండే యువకులు ఉంటారు. వినికిడి యంత్రం తీసి బల్ల మీద పెట్టి హాయిగా నిద్రపోయే తాతగారు కూడా ఉండవచ్చును. ధర తగ్గితే తెలిసే కొనేవారుంటారు. తెలిసి తీసుకొన్న చప్పుడుకు తెలియక నెత్తిన పడిన చప్పుడుకు తేడా లేదా? మూడవ మాట వారు బయటికి అనరు. ఏజెంటుకు కమీషను ఇచ్చేది సాధారణంగా నౌకా సంస్థ. ఖాళీగా మిగిలిన గదిని నింపడమే ఆ సంస్థకు కావలసినది.

చట్టం దీనిని పూర్తిగా విడిచిపెట్టలేదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం సేవల నాణ్యతను గురించి తెలుసుకొనే హక్కును కొనేవానికి ఇచ్చింది; అవసరమైన సమాచారాన్ని కావలెనని దాచడాన్ని సేవాలోపంగా లెక్కించింది. కావలెనని అన్న మాట ముఖ్యం. తెలియనివాడు దాచలేడు. కాని "నిద్ర పట్టదు బాబూ" అని ఆమె చెప్పిన తరువాత, నాట్యశాల పక్క గది అని పటంలో చూసి కూడా ఊరుకొన్నవాడిని తెలియనివాడని ఎట్లా అనగలము?

అతడు చేయవలసింది ఎక్కువేమీ కాదు. మీరు ఎన్నింటికి పడుకొంటారు, నడిసముద్రంలో తల తిరుగుతుందా అని అడగవలెను. గది సంఖ్య పట్టుకొని పటంలో దాని పైఅంతస్తు, కిందిఅంతస్తు చూడవలెను. మధ్య తలుపు ఉన్న గదా అని విచారించవలెను. కొన్ని చవక టికెట్లలో గది సంఖ్యను సంస్థ తరువాత తన ఇష్టప్రకారం కేటాయిస్తుంది. అట్టి టికెట్టులో ఈ శ్రమ అంతా వ్యర్థమని ముందే చెప్పవలెను. చవకగా వచ్చిందని మురిసిపోయేవారు ఈ ఒక్క సంగతి దగ్గరనే ఎక్కువగా మోసపోతారు.

ఉపాధ్యాయులు దీనిని ఒక అభ్యాసంగా ఇవ్వవచ్చును. ఏదైనా ఒక విహార నౌక అంతస్తుల పటాన్ని సేకరించి విద్యార్థులకు పంచండి. తెల్లవారుజామున ముక్కు దగ్గరి ప్రొపెల్లరు వినిపించే గదులను ఒక రంగుతోను, కొలను కిందివి ఇంకొక రంగుతోను, నాట్యశాలకు, లిఫ్టులకు ఆనుకొన్నవి మరొక రంగుతోను, మధ్య తలుపు ఉన్నవి వేరొక రంగుతోను నింపమనండి. రంగు పడకుండా మిగిలిన గదులలో ఎక్కువ ఊగనివి ఏవో గుర్తించి, కుకునూరుపల్లి మాస్టారి దంపతులకు ఒక గది ఎన్నుకొని, కారణాలు పది వాక్యాలలో రాయమనండి.